చేర్చుకున్నారు సరే, నిలుపుకున్నారా?

2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకాయనకు ఆ తర్వాత జరిగిన వైద్య పరీక్షలో రంగులు సరిగ్గా పోల్చుకోలేరని తేలింది. 2016 జనవరిలో సంస్థ ఆయన్ని అనర్హుడంటూ ఇంటికి పంపేసింది. బస్సు నడపడం కుదరదన్న మాట నిజమే. ఆయన కూడా స్టీరింగే కావాలని పట్టుబట్టలేదు, డిపోలో ఇంకేదైనా పని ఇప్పించమన్నారు. డిపో అన్నాక గ్యారేజీలో శ్రామిక్ పోస్టులుంటాయి, స్టోర్స్ ఉంటుంది, రికార్డులు రాసే బల్లలుంటాయి. రంగుల లోపం బయటపడిన డ్రైవర్లకు వేరే పని చూపాలని 1979లోనే యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య ఒప్పందం ఉంది కూడా. అయినా వ్యవహారం హైకోర్టు మెట్లెక్కి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 ఆగస్టు 1న గానీ తేలలేదు. ఆయన్ని తగిన పోస్టులోకి తిరిగి తీసుకోవాలని, పాత జీతభత్యాల బకాయిల్లో 25 శాతం చెల్లించాలని కోర్టు చెప్పింది. వేరే పని లేదని అనడానికి ముందు వెతికి చూశామని నిరూపించుకోవాల్సింది సంస్థేనని కూడా గుర్తుచేసింది.

ఈ కేసుతో మొదలుపెట్టడానికి కారణముంది. వికలాంగులకు ఉద్యోగాలు అనగానే మన చర్చంతా రిజర్వేషన్ చుట్టూ తిరుగుతుంది. ఎంతమందిని తీసుకున్నారు, ఎన్ని బ్యాక్‌లాగ్ పోస్టులు మిగిలాయి అన్నదే లెక్క. తీసుకున్న మనిషి మూడేళ్ల తర్వాత ఏ హోదాలో ఉన్నాడు, అసలు ఉన్నాడా అని అడిగేవాళ్లు తక్కువ. ఉద్యోగంలో ఉండగా కాలో చూపో పోగొట్టుకున్నవాళ్ల సంగతి మరీ వెనకబడిపోతుంది. గత ముప్పై ఏళ్ల చట్టాలు, తీర్పులు, కంపెనీల ప్రయత్నాలు, బయటి దేశాల అనుభవం ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇదే: చేర్చుకోవడం వరకు మన యజమానులు ఎంతోకొంత నేర్చుకున్నారు, నిలుపుకోవడంలో ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నారు.

ముందు అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైమాటే. దేశం మొత్తం మీద వికలాంగుల్లో ఏదో ఒక పని చేసుకుంటున్నవారు 36 శాతం. మగవాళ్లలో ఇది 47 శాతం, ఆడవాళ్లలో 23 శాతం. 2018 జులై నుంచి డిసెంబర్ దాకా జరిగిన 76వ విడత జాతీయ నమూనా సర్వే ఇంకో రకంగా లెక్కగట్టింది. పదిహేనేళ్లు దాటిన వికలాంగుల్లో పని చేస్తున్నవారు 22.8 శాతం, పని కోసం వెతుకుతున్నవారిని కూడా కలిపితే 23.8 శాతం. ఈ లెక్కన నిరుద్యోగం 4.2 శాతమే. పైకి చూస్తే పరవాలేదే అనిపిస్తుంది. కానీ నిరుద్యోగి కింద లెక్కకు రావాలంటే పని కోసం వెతుకుతూ ఉండాలి. నూటికి 76 మంది ఆ వెతుకులాటలోకే దిగలేదు. ఇంటర్వ్యూ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, బస్సు ఎక్కించేవాళ్లు లేరు, పోయినసారి వెళ్తే గేటు దగ్గరే పంపేశారు. ఇవన్నీ తెలిసినవాళ్లు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. గణాంకాల్లో వాళ్లు కనిపించరు.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో 3 శాతం కేటాయించింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించాక, దానికి తగ్గట్టు 2016లో కొత్త చట్టం వచ్చింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. వైకల్యాల జాబితా ఏడు నుంచి 21కి పెరిగింది. తలసీమియా, ఆటిజం, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులోకి వచ్చారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి ప్రభుత్వోద్యోగాల్లో కేటాయింపు 4 శాతమైంది.

ప్రైవేటు యజమానుల దగ్గరికొచ్చేసరికి ఈ చట్టం గొంతు తగ్గిస్తుంది. సిబ్బందిలో 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రోత్సాహకాలివ్వాలని 35వ సెక్షన్ చెబుతుంది. ఆ బాధ్యతను యజమాని మీద కాకుండా ప్రభుత్వం మీద పెట్టింది, అదీ తన ఆర్థిక స్తోమతకు లోబడి. 21వ సెక్షన్ మాత్రం కాస్త గట్టిది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసుకుని, దాని ప్రతిని వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే ఏ పోస్టులు అనువైనవి, ఏ సదుపాయాలు, ఏ పరికరాలు ఇస్తుంది, శిక్షణ, బదిలీ, ప్రత్యేక సెలవులు ఎలా ఉంటాయి అన్నవన్నీ అందులో రాయాలి. ఈ పనులు చూడటానికి ఒక లైజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. చట్టాన్ని అతిక్రమిస్తే తొలిసారి పదివేల రూపాయల దాకా జరిమానా. ఓ మోస్తరు కంపెనీ దీపావళికి మిఠాయి డబ్బాల మీద పెట్టే ఖర్చు ఇంతకంటే ఎక్కువ.

అసలు లోటు 20వ సెక్షన్‌లో ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ఇంత స్పష్టమైన రక్షణ ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకే. ప్రైవేటు ఫ్యాక్టరీలో యంత్రం కింద చెయ్యి పోయిన కార్మికుడికి ఈఎస్ఐ నుంచి నష్టపరిహారం రావచ్చు. తిరిగి అదే గేటు లోపలికి వెళ్లి ఇంకో పని అడిగే హక్కు ఇంత సూటిగా ఎక్కడా లేదు.

ప్రోత్సాహకాల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2007-08 కేంద్ర బడ్జెట్‌లో ఏటా లక్ష ఉద్యోగాల లక్ష్యంతో 1,800 కోట్ల పథకం ప్రకటించారు. 2008 ఏప్రిల్ నుంచి నెలకు 25 వేల లోపు జీతంతో వికలాంగులను తీసుకుంటే యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటా మూడేళ్లు ప్రభుత్వమే భరిస్తుందన్నారు. స్పందన నామమాత్రం. ఎందుకని? యజమానిని ఆపుతున్నది పీఎఫ్ వాటా కాదు గనక. ‘ఈ మనిషికి ఏ పని చెప్పాలి, ఎలా చెప్పాలి, రేపు ఏదైనా అయితే ఎవరు జవాబుదారీ’ అన్న బెరుకు ఆపుతోంది. దానికి డబ్బు రాయితీ మందు కాదు. కావలసింది శిక్షణ, ఫోన్ చేస్తే పలికే మనిషి. పథకంలో లేనివి అవే.

ప్రభుత్వ రంగం ఆదర్శంగా ఉందా అంటే అదీ లేదు. కేటాయింపు శాతాన్ని మొత్తం పోస్టుల మీద లెక్కగట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చూపులేనివారు జడ్జీలు కాకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధనను 2025 మార్చిలో కొట్టేయాల్సి వచ్చింది. 2024 జులైలో తెలంగాణలో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి అఖిలభారత సర్వీసుల్లో ఈ కోటా ఎందుకని సామాజిక మాధ్యమాల్లో ప్రశ్నించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. వైకల్యమున్న పైలట్‌ను విమానయాన సంస్థ తీసుకుంటుందా అన్నది ఆ వాదన. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. ఏ పోస్టుకు ఏ సామర్థ్యం కావాలో చూసి, తగిన పోస్టుల జాబితాలు ప్రభుత్వమే తయారుచేస్తుంది. ఒక పని చేయలేరన్నది వేరు, పాలన అనే విశాలమైన రంగం మొత్తానికీ పనికిరారనడం వేరు. ఆ మాటన్నవారి మీద కోపం కంటే, ఆ అభిప్రాయం చాలా ఆఫీసుల్లో బయటికి అనకుండా అమలవుతోందన్న బాధే నాకు ఎక్కువ.

తగిన పోస్టుల జాబితాకూ ఒక ప్రమాదముంది. ఒకప్పుడు అంధులంటే కుర్చీలు అల్లడం, సంగీతం చెప్పడం, టెలిఫోన్ ఆపరేటర్. ఇంతే. సెల్‌ఫోన్లు వచ్చి ఎక్స్ఛేంజీలు మూలపడ్డాక ఆపరేటర్ పోస్టులు మాయమయ్యాయి. బ్రిటన్‌లోనూ ఇదే కథ. యుద్ధంలో గాయపడ్డవారి కోసం 1944లో చట్టం చేసి, ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు 3 శాతం వికలాంగులను తీసుకోవాలన్నారు. లిఫ్టు నడిపే పని, కార్ల పార్కింగ్ చూసే పని అచ్చంగా వాళ్లకే కేటాయించారు. లిఫ్టు బటన్ ఎవరికివారే నొక్కుకునే రోజు వచ్చింది. కోటా ఉల్లంఘించినవాళ్లపై పెట్టిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చివరికి 1995లో వివక్ష నిషేధ చట్టం తెచ్చి కోటాను ఎత్తేశారు. ఇవాళ మన దగ్గర డేటా ఎంట్రీ, బ్యాక్ ఆఫీస్ పనులను వికలాంగుల ఉద్యోగాలుగా ముద్ర వేస్తున్న కంపెనీలు ఈ చరిత్ర ఒకసారి తిరగేస్తే మంచిది. కృత్రిమ మేధ ముందుగా మింగేది ఆ పనులనే.

కోటా నిలబడిన దేశాలు డబ్బుతో ముడిపెట్టాయి. జర్మనీలో ఇరవై, అంతకు మించి కొలువులున్న సంస్థ 5 శాతం వికలాంగులను తీసుకోవాలి, లేదా తగ్గిన ప్రతి కొలువుకూ నెలనెలా రుసుం కట్టాలి. ఒక్కరిని కూడా తీసుకోని పెద్ద సంస్థలకు 2024లో ఆ రుసుం 720 యూరోలకు పెంచారు. ఆ సొమ్ము ఖజానాలో కలిసిపోదు, పనిచోట్ల సర్దుబాట్లకే వెళ్తుంది. జపాన్‌లో 2024 ఏప్రిల్‌లో కోటాను 2.5 శాతం చేశారు, తప్పితే మనిషికి నెలకు 50 వేల యెన్‌లు. కోటా మించి తీసుకున్న కంపెనీలకు ఆ నిధి నుంచే భత్యం ఇస్తారు. అలాగని అక్కడంతా సవ్యంగా లేదు. 2018లో జపాన్ కేంద్ర మంత్రిత్వ శాఖలే వికలాంగ ఉద్యోగుల లెక్కలు ఏళ్ల తరబడి పెంచి చూపాయని బయటపడింది. కోటా కోసం ఊరి బయట తోటలు అద్దెకు తీసుకుని, అసలు కంపెనీతో సంబంధం లేకుండా అక్కడ వికలాంగులతో కూరగాయలు పండించే వ్యాపారం కూడా పుట్టుకొచ్చింది. అమెరికా కోటా పెట్టలేదు, 1990 చట్టంతో సర్దుబాటును హక్కు చేసింది. అదే అమెరికాలో, వికలాంగులకు కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వొచ్చన్న 1938 నాటి మినహాయింపు కూడా ఉంది. మన 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ అలాంటి వెసులుబాటు ఉండేది.

ఇప్పుడు మన యజమానుల దగ్గరికి వద్దాం. హోసూరులో టైటన్ గడియారాల కర్మాగారం ఈ దారిలో నడిచిన పాత సంస్థల్లో ఒకటి. లెమన్ ట్రీ హోటళ్లు 2007లో వినికిడి లేనివారితో మొదలుపెట్టి, తర్వాత డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిని కూడా తీసుకున్నాయి. మిగతా సిబ్బందికి సైగల భాష నేర్పించడం అక్కడ చెప్పుకోదగ్గ సంగతి. బెంగళూరులో 2006లో మొదలైన వింధ్య ఇ-ఇన్ఫోమీడియాలో సిబ్బందిలో ఎక్కువమంది వికలాంగులే. హైదరాబాద్‌లో మీరా షెనాయ్ 2012లో స్థాపించిన యూత్‌ఫర్‌జాబ్స్ గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి కంపెనీలకు జతచేస్తోంది. దానికి ముందు ఆమె ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ ఉపాధి మిషన్‌ను నడిపారు. ఇక మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ సినిమాగా వచ్చింది కనక చాలామందికి తెలుసు. చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకు వెళ్లి సీటు తెచ్చుకుని, 98 శాతం మార్కులతో పాసై, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లాడు. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పని ఇచ్చాడు. ఈ కథను మనం వ్యక్తి పట్టుదలగా చెప్పుకుని మురిసిపోతాం. ఇంటర్‌లో చేరడానికే ఒక పిల్లవాడు కోర్టుకెక్కాల్సి రావడం ఏమిటని మాత్రం అడగం. ఆ మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇవాళ యజమాని ముందు డిగ్రీ లేకుండా నిలబడి ఉన్నారు. ‘తీసుకుందామంటే చదువుకున్నవాళ్లు దొరకడం లేదు’ అని హెచ్ఆర్ వాళ్లు అనేమాట సగం నిజం కావడానికి కారణం అది.

మంచి ఉదాహరణల్లోనూ ఒక వంపు కనిపిస్తుంది. ఎక్కువగా తీసుకునేది వినికిడి లేనివారిని, కాలికి కొద్దిపాటి లోపమున్నవారిని. చక్రాల కుర్చీ, అంధత్వం, మేధోపరమైన వైకల్యం అనేసరికి అడుగు వెనక్కి పడుతుంది. మానసిక అనారోగ్యం గురించి చెప్పనే అక్కర్లేదు, అది ఉన్నట్టు చెబితే ఉన్న ఉద్యోగం పోతుందన్న భయం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. నైపుణ్యం మన ఊళ్లోనే ఉన్నా దాన్ని ఉపయోగించుకునే కంపెనీలు తక్కువ. రెండోది, తీసుకున్న పని కింది మెట్టుది: ప్యాకింగ్, బిల్లింగ్, హౌస్‌కీపింగ్. అక్కడి నుంచి సూపర్‌వైజర్ అయినవాళ్ల లెక్క అడిగితే జవాబు రాదు.

సర్దుబాటు అంటే ఏమిటో దగ్గర నుంచి చూడాలి. చూపులేని ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో తెరపై అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎన్‌వీడీఏ అనేది ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. దానితో కోడ్ రాస్తాడు, మెయిళ్లు పంపుతాడు. ఒకరోజు కంపెనీ కొత్త హాజరు యాప్ తెస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లు బటన్లకు బొమ్మలు పెట్టారు, పేర్లు పెట్టలేదు. హెడ్‌ఫోన్‌లో ‘బటన్, బటన్, బటన్’ అని వినిపిస్తుంది. లోపలికి వచ్చినట్టు నొక్కే బటన్ ఏదో, సెలవు బటన్ ఏదో తెలియదు. పక్క సీటువాడిని పిలిచి రోజూ హాజరు వేయించుకోవాలి. పేస్లిప్ స్కాన్ చేసిన బొమ్మగా వస్తుంది, సొంత జీతం ఎంతో ఇంకొకరు చదివి చెప్పాలి. పేర్లు పెట్టడానికి ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. బ్యాంకు కేవైసీ గురించే అయినా, డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ ఆలోచననే ముందుకు తెచ్చింది.

గోదాములో వినికిడి లేని కుర్రాడి సంగతి ఇంకో రకం. షిఫ్టు మొదట్లో సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడతాడు. ఏ లైనులో పని, ఏ ర్యాకు దగ్గర జాగ్రత్త, ఆదివారం ఎవరు రావాలి. ఇతను పెదాల కదలిక చూస్తూ నిలబడతాడు. ఆ మాటలే వాట్సాప్ గ్రూపులో రాసి పెడితే చాలు. ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వస్తున్నప్పుడు హారన్‌తో పాటు లైటు వెలిగితే చాలు. చేయకపోతే? ఆరు నెలల్లో ‘చెప్పింది అర్థం చేసుకోడు’ అన్న మాట రికార్డులోకెక్కుతుంది, అతను మానేస్తాడు, ‘వీళ్లు నిలబడరు సార్’ అన్న అభిప్రాయం ఇంకొంచెం గట్టిపడుతుంది. సర్దుబాట్లలో దాదాపు సగానికి పైసా ఖర్చుండదని అమెరికాలో ఈ విషయంపై సలహాలిచ్చే సంస్థ యజమానులను అడిగి చేసిన సర్వేల్లో ఏళ్లుగా తేలుతోంది. మన దగ్గర జీతాలు, ధరలు వేరే అయినా ఆ తీరు మారుతుందనుకోను.

ఆఫీసు గేటు బయట సంగతులూ ఉన్నాయి, యజమాని ‘అవి మావి కావు’ అనలేడు. మెట్రో స్టేషన్లో లిఫ్టు ఉంటుంది, స్టేషన్ దిగాక ఫుట్‌పాత్ ఉండదు. జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చిన వికలాంగ యువతికి ఉద్యోగం దొరికినంత తేలిగ్గా హాస్టల్ దొరకదు, కింద అంతస్తులో గది, వాడుకోగల బాత్రూమ్ రెండూ కుదరాలి గదా. స్త్రీలలో పనిచేసేవారు 23 శాతమే ఉండటానికి ఇలాంటివీ కారణమే. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరం స్లాటు కోసం తిరిగి తిరిగి తెచ్చుకున్న సర్టిఫికెట్ మీద పింఛను ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగంలో చేరితే ఆదాయం పెరిగిందని పింఛను పోతుందేమో, ఆ తర్వాత ఉద్యోగమూ పోతే? ఈ భయం ఉన్న తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు, వాళ్లని తప్పుపట్టలేం.

వ్యాపార లాభం వాదన గురించి ఒక మాట. 2018లో యాక్సెంచర్ అమెరికాలో చేసిన అధ్యయనం, ఈ విషయంలో ముందున్న కంపెనీల ఆదాయం మిగతావాటికంటే 28 శాతం ఎక్కువని చెప్పింది. సదస్సుల్లో ఈ అంకె తెగ తిరుగుతుంది. బాగా నడిచే కంపెనీలకు ఇలాంటి పనులు చేసే తీరిక ఉంటుందన్నది కూడా అంతే నిజం కావచ్చు, ఏది కారణమో ఏది ఫలితమో ఆ అంకె చెప్పదు. వికలాంగ ఉద్యోగులు పనితీరులో, భద్రతలో, హాజరులో మిగతావారికి తీసిపోరని డ్యూపాంట్ కంపెనీ దశాబ్దాల కిందటే సొంత సిబ్బందిని పరిశీలించి తేల్చింది. నాకు అది ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. వికలాంగులను తీసుకుంటే లాభాలు దూకుతాయని ఆశపెట్టాల్సిన పనిలేదు, నష్టం లేదని చెబితే చాలు.

నా తీర్పు ఇది. ప్రైవేటు రంగానికి జర్మనీ తరహా రుసుం కావాలి, ఆ డబ్బు సర్దుబాట్లకే పోవాలి. ఉద్యోగంలో వైకల్యం వచ్చినవారికి 20వ సెక్షన్ రక్షణ ప్రైవేటు కార్మికులకూ విస్తరించాలి. సెబీ నిబంధనల వల్ల మార్కెట్లో నమోదైన వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి వికలాంగ ఉద్యోగుల సంఖ్యను ఏటా ప్రకటిస్తున్నాయి. ఆ పట్టికలో ఎంతమంది మానేశారు, ఎంతమందికి ప్రమోషన్ వచ్చింది అన్న రెండు గడులు చేర్చాలి. అన్నిటికంటే ముందు, కొత్తవాళ్లను వెతకడానికి పోయేలోపు, ఇప్పటికే తమ దగ్గరున్నవాళ్లలో చూపు తగ్గుతున్న అకౌంటెంటును, ప్రమాదంలో కాలు పోయిన టెక్నీషియన్‌ను ఏం చేస్తున్నారో కంపెనీలు చూసుకోవాలి.

ఇది చదువుతున్నవారిలో చాలామంది ఇరవై మందికి మించిన సంస్థల్లో పనిచేస్తూ ఉంటారు. మీ సంస్థ సమాన అవకాశాల విధానం వెబ్‌సైట్‌లో ఉండాలి, లేకపోతే ఆఫీసులో అందరికీ కనిపించేచోట అతికించాలి. రేపు ఆఫీసుకు వెళ్లినప్పుడు అదెక్కడుందో, లైజన్ ఆఫీసర్ ఎవరో హెచ్ఆర్‌ను అడగండి. లేదంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి. ఆ ఉత్తరం రాయడానికి మీకు వైకల్యం ఉండనక్కర్లేదు.